మూలనున్న ఇంటూ గుర్తు

మెట్ల కింది గదిలోకి వెళ్ళాలంటే నెవెనా లాంటి పొడుగు మనిషి నడుం సగానికి వంచక తప్పదు. పఠనమందిరం కట్టిన కొత్తలో అది బొగ్గులు పోసుకునే కొట్టు. ఇప్పుడందులో కాళ్ళు విరిగిన కుర్చీలు, నాటకాలవాళ్ళ అట్ట కిరీటాలు, మూతలేని ఒక పాత కంప్యూటరూ కాపురం ఉంటున్నాయి. వేడెక్కితే ఆగిపోతోందని నెవెనాయే దాని మూత విప్పేసి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టింది. ఫ్యాన్ తిరిగినప్పుడల్లా కిరీటాల మీది వెండి కాగితం గలగలమంటుంది.

ఆ సోమవారం ఆమె వచ్చింది దాన్ని ఇక పూర్తిగా ఆపేయడానికి. వారం చివర తమ లిపికి చేసుకునే అక్షరాల పండుగ. పిల్లలు ఊరేగింపులో పట్టుకునే పెద్ద పెద్ద అట్ట అక్షరాలకు చోటు కావాలి, ఆ డబ్బా తీసెయ్యమ్మా అని పఠనమందిరం కార్యదర్శి ఎదురుపడినప్పుడల్లా అంటున్నాడు.

డబ్బా చేసే పని చెప్పుకుంటే చిన్నదే. రోజూ తెల్లారగానే మునిసిపాలిటీ వెబ్‌సైటులో ప్రకటనల పేజీ తెరుస్తుంది. ఉన్నదున్నట్టు స్క్రీన్‌షాట్ తీసి, తేదీ వేసి దాచిపెడుతుంది. ఇదెందుకంటే ఆ ఊరి మునిసిపాలిటీకి ఒక దురలవాటుంది. నిన్న లేని ప్రకటన ఇవాళ పోయిన నెల తేదీతో ప్రత్యక్షమవుతుంది. అభ్యంతరం చెప్పుకునే గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. అడిగితే, మేం పెట్టాం, మీరే చూసుకోలేదు అంటారు. ఇలాగే ఒకసారి పిల్లల ఆటస్థలం పోయింది, ఇంకోసారి బస్టాపు పోయింది. ఆ మంటకే నెవెనా ఈ డబ్బాను తెచ్చి మెట్ల కింద కూర్చోబెట్టింది. అంతకుముందు ఆమె బ్యాంకులో కంప్యూటర్ల పని చూసేది కాబట్టి చేతిలో పనే అనుకుంది.

చేతిలో పని కాస్తా నెత్తి మీద పనైంది. లోపల నడిచే బ్రౌజర్ వారం తిరక్కుండా బిగుసుకుపోయేది. ఒకదాన్ని మూయకుండానే ఇంకోటి తెరుచుకుని, చచ్చినవన్నీ లోపల పేరుకుని, డబ్బా మొత్తం నోరు తెరిచి కూర్చునేది. ఒకసారి ఏదో కొత్త మార్పు దానంతటదే దిగి, వచ్చిన ఫొటోల్లో అక్షరాల బదులు వట్టి గళ్ళు వచ్చాయి. నెవెనా పక్క మీద నుంచి లేవగానే మొహం కడుక్కోకముందే డబ్బా బతికుందా లేదా అని ఫోన్‌లో చూసుకునేది. చంటిపిల్ల తల్లివి అయిపోయావని చెల్లెలు వెక్కిరించేది.

చలికాలంలో, అదే పేటలో పెరిగిన లాయర్ అసేన్ ఒక మాట తెచ్చాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఎక్కడో ఒక కంపెనీ ఉంది, పేజీ అడ్రసు ఇస్తే చాలు, రోజూ వాళ్ళే ఫొటో తీసి పంపుతారు, బ్రౌజర్ చావుబతుకులన్నీ వాళ్ళ తలనొప్పే అన్నాడు. "ఊరికి కొళాయి వచ్చాక ఇంకా బావి తోడుకోవడం దేనికక్కా?" అన్నాడు. నెవెనాకు కొంచెం గుచ్చుకుంది. అయినా ఫిబ్రవరి నుంచి ఈస్టరు దాకా రెండూ కలిపి నడిపి చూద్దామని ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఆ కంపెనీ పేజీలో వివరాలు నింపుతుంటే ఒక చోట, "పేజీకి అడ్డుపడే పాపప్‌లు తొలగించు" అని ఒక గడి కనిపించింది. కుకీలకు ఒప్పుకుంటారా అనే పట్టీ ఏళ్ళ తరబడి ఆమె ఫొటోల్లో సగం పేజీని మింగేస్తోంది. సంతోషంగా టిక్కు పెట్టింది.

ఈస్టరు నాటికి గెలిచింది కొళాయే. ఒక్క రోజు తప్పలేదు, ఫొటోలు అద్దంలా ఉన్నాయి. డబ్బాను ఆపడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. అదేమో పిలవని పేరంటానికి వచ్చినట్టు, ఉన్నన్నాళ్ళు ఉండి, బిగుసుకున్నన్నాళ్ళు బిగుసుకుని, ఫొటోలు తీస్తూనే ఉంది.

ఆపేముందు పాత ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ నెవెనా ఊరికే ఒకటి తెరిచింది. మార్చి మొదటి వారానిది. పేజీ నడిమధ్య పెద్ద పాపప్. మార్చి ఒకటిన అందరూ కట్టుకునే ఎరుపూ తెలుపూ దారాల కుచ్చులు, వసంతాన్ని తెస్తుందనే మార్తా అవ్వ నవ్వుతున్న బొమ్మ, మేయరు గారి వసంత శుభాకాంక్షలు. ఆ బొమ్మ ఆమెకు గుర్తే. మార్చిలో తనూ ఫోన్‌లో చూసింది, చూడగానే మూసేసింది. మునిసిపాలిటీ సైటులో ఇలాంటివి ఎప్పుడూ ఉంటాయి. పండుగకొకటి, ఒక్కో పేరున్నవాళ్ళు జరుపుకునే పేరుదినానికొకటి, ఎన్నిసార్లు తెరిస్తే అన్నిసార్లు మొహం మీదికి వస్తాయి. ఫొటోను పెద్దది చేసింది. శుభాకాంక్షల కింద, మేయరు సంతకానికీ దిగువన, చీమ తలకాయంత అక్షరాల్లో నాలుగు వరుసలున్నాయి. నది ఒడ్డు తోటల నేలను గిడ్డంగుల కోసం కేటాయిస్తున్నాం, అభ్యంతరాలుంటే పద్నాలుగు రోజుల్లోగా తెలపాలి.

నెవెనా ఫ్యాన్ ఆపింది. ఆ గలగల భరించలేకపోయింది. తర్వాత అదే రోజుకు కంపెనీ పంపిన ఫొటో ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టి చూసింది. అందులో కుచ్చులూ లేవు, అవ్వా లేదు, నాలుగు వరుసలూ లేవు. శుభ్రంగా తుడిచిన బల్లలా పేజీ ఉంది, ప్రకటనల జాబితాలో తోటల మాటే లేదు.

శుక్రవారం కోర్టులో తోటలవాళ్ళ తరఫున అసేన్ పెట్టబోతున్నది కంపెనీ తీసిన ఈ ఫొటోలే. తోటల ప్రకటన మార్చిలో వెబ్‌సైటులో లేనే లేదని, ఏప్రిల్‌లో పాత తేదీతో జాబితాలో ఇరికించారని వాళ్ళ వాదన. అది నిలబడితే గడువు మళ్ళీ మొదలవుతుంది, తోటలు బతుకుతాయి. నిలబడకపోతే జూన్‌లో నేల చదును చేస్తారు. ఫొటోల కింద "సందర్శకులకు పేజీ ఇలాగే కనిపించింది" అని సంతకం పెట్టాల్సింది నెవెనా.

ఆమె డబ్బాను ఆపకుండానే బయటికి వచ్చేసింది.

అసేన్ ఆఫీసు బేకరీ పైన ఉంటుంది. ఎప్పుడు వెళ్ళినా అతని బల్ల మీద కాగితం సంచీలో జున్ను పెట్టి కాల్చిన బానిత్సా ముక్క, దాని నెయ్యి మరకతో ఏదో ఒక దావా కాగితం ఉంటాయి. నెవెనా రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టింది. అతను చదివాడు. చేతులు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"దొంగవెధవలు" అన్నాడు చివరికి, మెచ్చుకుంటున్నట్టే. "పండుగ బొమ్మ కింద పెట్టారా. ఇది ఎవరి బుర్రో గాని, నా దగ్గర గుమాస్తాగా పెట్టుకుందును."

"ఇప్పుడేం చేద్దాం?"

"ఏం చేస్తాం? అనుకున్నదే. కంపెనీ ఫొటోలు పెడతాం."

"అసేన్, పేజీ అలా కనిపించలేదు. దీని మీద నేనెలా సంతకం పెట్టను?"

"అక్కా, కూర్చో ముందు." అతను కుర్చీ మీది ఫైళ్ళు నేల మీదికి దించాడు. "మనం ఏదైనా చెరిపామా? లేదు. కంపెనీ తీసింది, కంపెనీ పంపింది. వాళ్ళు మనకి చుట్టాలు కారు, అందుకే కోర్టు నమ్ముతుంది. నీ డబ్బా ఫొటోలు ఎలాగూ నమ్మరు. ఇంట్లో చేసుకున్నవంటారు. ఈ మాట నేను చలికాలంలోనే చెప్పానా లేదా?"

"టిక్కు పెట్టింది నేను."

"టిక్కు పెట్టినప్పుడు నీకు తెలుసా ఇలా అవుతుందని?"

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలుసుగా."

అసేన్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. కింద బేకరీ ముందు జనం వరసలో ఉన్నారు. "మునిసిపాలిటీ దగ్గర ఆ పాపప్ ఉందని రుజువు లేదు. జవాబులో ఎక్కడా దాని ఊసే ఎత్తలేదు. ఎందుకో తెలుసా? ఎత్తితే పండుగ బొమ్మ కింద దాచామని వాళ్ళే ఒప్పుకోవాలి. వాళ్ళకీ సిగ్గే. వాళ్ళు చెప్పరు, మనం చెప్పకపోతే అయిపోయింది." వెనక్కి తిరిగాడు. "ఇన్నేళ్ళు వాళ్ళు మనతో అబద్ధాలాడారు. ఒక్కసారి ఒక యంత్రం మన తరఫున ఆడింది. ఆడనీ."

నెవెనాకు కోపం రావాలి. రాలేదు. అతను చెప్పినదాంట్లో పావు వంతు కూడా తప్పనిపించకపోవడమే ఆమెను కుంగదీసింది. తోటలు దక్కించుకోవాల్సింది తోటలవాళ్ళు. దొంగతనం చేసింది అవతలివాళ్ళు. మధ్యలో తన సంతకం ఒక్కటే అడ్డం.

"ఆ తోటల్లో వెలిచ్కా పిన్ని మొహం ఒకసారి తలుచుకో అక్కా" అన్నాడు అసేన్ మెల్లగా. "ఆ తర్వాత నీ ఇష్టం. కాగితం ఇక్కడే ఉంటుంది."

వెలిచ్కా పిన్ని మొహాన్ని తలుచుకోవడం కాదు, మర్నాడు తోటకే వెళ్ళి చూసింది. ఏప్రిల్‌లో కొలతలవాళ్ళు పాతిన ఎర్ర రంగు కర్రలు తోటల పొడుగునా ఉన్నాయి. పిన్ని మడిలో ఒక కర్ర సరిగ్గా మిరప వరసలో ఉంది. ఆవిడ దాన్ని పీకలేదు. దానికి చిక్కుడు పాదు ఒకటి కట్టేసింది.

"పీకితే జరిమానా అన్నారు. కట్టొద్దనలేదుగా" అంది పిన్ని. మోకాళ్ళ కింద గోనెసంచీ వేసుకుని టమాటా నారు నాటుతోంది. వేలితో గుంట చేస్తుంది, మొక్క పెడుతుంది, రెండు పిడికిళ్ళతో మట్టి అదుముతుంది, ఒక చిన్న గిన్నెడు నీళ్ళు పోస్తుంది. పోసిన నీళ్ళు ఇంకేదాకా మొక్క వంక చూసి, అప్పుడు జరుగుతుంది. పోయినేడు దాకా ఆ గుంటలు తీసింది ఆమె భర్త మిత్కో. ఆయన ఈ జనవరి చివర్లో పోయాడు.

"నాటి ఏం లాభం పిన్నీ? శుక్రవారం ఏమవుతుందో చూసి..." అనబోయింది నెవెనా.

"శుక్రవారం దాకా నారు ఆగుతుందటే? ముదిరిపోదూ." పిన్ని ఒక కట్ట ఉల్లికాడలు పీకి, మట్టి దులిపి ఆమె చేతిలో పెట్టింది. "అయినా నాకేం భయం. నీ దగ్గర ఫొటోలున్నాయిగా."

పక్క మడిలోంచి తోటల సంఘం పెద్ద గెంచో కంచె మీదికి వంగాడు. ఆయన రిటైరైన ట్రాలీబస్సు డ్రైవరు, ఏ మాటన్నా బస్సులో చివరి సీటు దాకా వినబడాలన్నట్టే అంటాడు. "అమ్మాయ్, నీ డబ్బాని నేను ఎన్ని తిట్లు తిట్టానో దానికి చెప్పు. గెలిచామంటే దాన్ని ఈ మడి గట్టున పాతి, ఏటా పువ్వులు పెడతాను."

"గెలిచేది డబ్బా వల్ల కాదు బాబాయ్, కంపెనీ వల్ల."

"అదేదో. నువ్వు పెట్టిందేగా."

నువ్వు పెట్టిందేగా. నెవెనా ఉల్లికాడలు పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచింది కూడా. పిన్ని మట్టి చేతి వెనకనున్న శుభ్రమైన చోటుతో నుదుటి మీది చెమట తుడుచుకుని, తర్వాతి గుంట ఎక్కడ తీయాలా అని తాడు వంక చూసుకుంటోంది. మిత్కో కట్టిన తాడు అది. నెవెనా నోరు మూసుకుని ఇంటికి వచ్చేసింది. తన మీద తనకు అంత అసహ్యం ఎన్నడూ వేయలేదు.

బుధవారం మళ్ళీ మెట్ల కింద గదికి వెళ్ళింది. పండుగ అక్షరాలు అప్పుడే గది బయట వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. డబ్బా ఆ పొద్దున బిగుసుకుపోలేదు. తీసిన ఫొటోలో కుకీల పట్టీ యథాప్రకారం సగం పేజీ మింగింది, పైన అక్షరాల పండుగ శుభాకాంక్షలు పూలదండతో సహా ఉన్నాయి. దానికి ఏది ముఖ్యమో, ఏది చెత్తో తెలీదు. ఎదురుగా ఉన్నదంతా తీస్తుంది, అంతే. అది దాని తెలివితక్కువతనం అనే నెవెనా ఇన్నాళ్ళూ అనుకుంది.

చెయ్యి మీట దాకా వెళ్ళింది. ఆపి, డిస్కు తుడిచేసి, గది కార్యదర్శికి అప్పగించేస్తే ఇక రెండో ఫొటో అనేది లోకంలో ఉండదు. అడిగేవాళ్ళు లేరు. అసేన్ ఏమీ అనడు. పిన్ని తోట పిన్నికి ఉంటుంది. ఇది అబద్ధం కూడా కాదు, గది ఖాళీ చేయడం. అలా అనుకుంటూ ఆమె చాలాసేపు మీట మీద వేలు పెట్టుకుని కూర్చుంది. నడుం పట్టేసింది. ఆ తర్వాత లేచి, పైన లైబ్రరీ ప్రింటరుకు కాగితాలు పెట్టింది.

పఠనమందిరం పెద్ద తలుపు మీద పేటలో పోయినవాళ్ళ కాగితాలు అంటిస్తారు. ఫొటో, పేరు, ఇంటివాళ్ళ నాలుగు మాటలు. పోయినప్పుడొకటి, నలభై రోజులకొకటి, ఏడాదికొకటి. తోటల సంఘం కబుర్లూ, నీళ్ళు రాని రోజులూ, నాటకం తేదీలూ ఆ తలుపు మీదే వాటి పక్కన సర్దుకుంటాయి. దాని మీద అంటించినదాన్ని ఎవరూ చింపరు. వానకు తడిసి, ఎండకు ఎండి, తనంతట తాను రాలిపోవాలి. మిత్కో నలభై రోజుల కాగితం ఇంకా ఉంది, ఒక మూల లేచిపోయి.

నెవెనా రెండు ఫొటోలూ పెద్దవి చేసి, ఆ కాగితం పక్కనే అంటించింది. డబ్బా తీసింది ఎడమ పక్క, కంపెనీ తీసింది కుడి పక్క. కింద స్కెచ్ పెన్నుతో రాసింది: "రెండూ ఒకే రోజువి. ఎడమదే మనకు కనిపించిన పేజీ. కుడిదానిలో పాపప్‌ను తీసేయమని టిక్కు పెట్టింది నేను. నెవెనా." ఎదురుగా నిలబడి చెప్పలేని పిరికితనం అది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

మర్నాడు ఆమె వచ్చేసరికి తలుపు ముందు జనం ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు, గెంచో కూడా. నెవెనాను చూసి ముందు కదిలింది అసేన్. అతని మొహం పాలిపోయి ఉంది.

"నువ్వు చెప్పాల్సింది నాకు గాని తలుపుకా అక్కా? మునిసిపాలిటీ వాళ్ళకి కళ్ళు లేవనుకున్నావా? వాళ్ళ డ్రైవరు పొద్దున్నే ఇటే వెళ్తాడు."

"నీకు సోమవారమే చెప్పాను."

"నువ్వు ఎవరి తరఫునమ్మా అసలు?" అంది వెనకనుంచి ఒకావిడ. ఆవిడ మడి పిన్ని మడికి అవతలిది. "మేం ఆ మట్టిలో చస్తుంటే, నువ్విక్కడ చల్లగా కూర్చుని వాళ్ళకి సాక్ష్యం రాసిస్తావా?"

జనం లోంచి ఒక బలమైన చెయ్యి ముందుకు వచ్చి, ఎడమ కాగితం పై మూల గోటితో లేపింది. గెంచో చెయ్యి అది.

"గెంచో, చెయ్యి తియ్యి."

వెలిచ్కా పిన్ని అంతసేపూ తలుపుకు దగ్గరగా, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి ఆ నాలుగు వరుసలూ చదువుతోంది. కళ్ళద్దాలు తీసింది.

"మా ఆయన కాగితం మీద చెయ్యి వేస్తే ఊరుకునేదాన్నా? ఇదీ ఆ తలుపు మీదిదే. తియ్యి."

గెంచో చెయ్యి దించుకున్నాడు. లేచిన మూలను బొటనవేలితో మళ్ళీ అదిమాడు.

"ఈ బొమ్మ నేను చూశాను" అంది పిన్ని. అందరితోనో, తలుపుతోనో తెలీకుండా అంది. "మార్చిలో నీళ్ళ గొట్టాలు తవ్వారు కదా, ఏ పూట నీళ్ళొస్తాయో చూద్దామని రోజూ ఫోన్‌లో ఆ పేజీ తెరిచేదాన్ని. తెరవగానే ఇది. ఆయన పోయి నలభై రోజులు కాలేదు. ఎర్ర దారాలూ, నవ్వే అవ్వా... చూడబుద్ధి కాలేదు నాకు. మూల ఇంటూ గుర్తు ఉంటుందే, అది నొక్కేసేదాన్ని. రోజూ నొక్కాను." ఆగింది. "నా తోట పోతోందని అది రోజూ చెప్తుంటే, రోజూ దాని నోరు నొక్కేశానన్నమాట."

గెంచో గొంతు సవరించుకున్నాడు. "నేను... నేనూ మూశానులే. మేయరు మొహం ఎవడు చూస్తాడని."

"మా వాడు మూసి ఇచ్చాడు ఫోను నాకు" అంది ఇందాక తిట్టినావిడ, ఇంకా కోపంగానే.

"నేనూ మూశాను" అంది నెవెనా.

పిన్ని అసేన్ వైపు తిరిగింది. "బాబూ, రేపు కోర్టులో ఏమీ కనబడలేదని చెప్పించకు నా చేత. నేను చూశాను, మూశాను. అదే చెప్తాను."

"ఓడిపోతాం పిన్నీ" అన్నాడు అసేన్. లాయరులా కాదు, ఆ పేట పిల్లాడిలా అన్నాడు.

"ఓడిపోతే పోతాం. మిత్కో కాగితం పక్కన నిలబడి ఇంకో మాట చెప్పమంటావా?"

అసేన్ జేబులోంచి మడతపెట్టిన సంతకం కాగితం తీసి, నాలుగు ముక్కలు చేసి, నెవెనా చేతిలో పోశాడు. "పద, కొత్తది రాయాలి. రెండు ఫొటోలూ పెడదాం. రేపు ఓడిపోయామంటే నీ డబ్బాని డాన్యూబులో పారేస్తా, కిరీటాలతో సహా."

శుక్రవారం కోర్టు హాలు చిన్నది, వేడిగా ఉంది. తోటలవాళ్ళు పండుగ బట్టల్లో వచ్చారు. వాళ్ళకు కోర్టుకు వేసుకునే బట్టలు వేరే లేవు. న్యాయమూర్తి నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఆవిడ, తొందర లేని మనిషి. అసేన్ రెండు ఫొటోలూ అందించి, ఏది ఎలా తీశారో చెప్పాడు. టిక్కు సంగతి నెవెనా లేచి తనే చెప్పింది.

మునిసిపాలిటీ లాయరు ఎడమ ఫొటో చూస్తూ చూస్తూనే నిటారుగా కూర్చున్నాడు. అతను దీన్ని ఊహించి రాలేదని అర్థమవుతోంది. లేచేటప్పటికి గొంతులో తేనె ఊరుతోంది. "మేం చెప్పేదీ ఇదే. ప్రకటన మార్చి ఒకటి నుంచే ప్రజల కళ్ళ ముందుంది. అవతలి పక్షమే రుజువు తెచ్చి పెట్టింది. నేనింక చెప్పేదేం లేదు."

నెవెనా పిన్ని వైపు చూడలేకపోయింది. తన వల్లే. ఈ మాట ఆమె లోపల అదేపనిగా తిరుగుతోంది.

న్యాయమూర్తి పిన్నిని లేవమంది. "మీరు ఇది చూశారా?"

"చూశానమ్మా."

"చదివారా?"

"లేదు. మూసేశాను."

"చూసి చదవకపోవడం మునిసిపాలిటీ తప్పు కాదు" అన్నాడు లాయరు కూర్చునే.

"మిమ్మల్ని అడగలేదు." న్యాయమూర్తి రెండు ఫొటోలూ చెరో చేత్తో పట్టుకుని కొంచెంసేపు చూసింది. "ఈ పేజీ అసలెలా తెరుచుకుంటుందో ఒకసారి చూద్దాం" అని ముందున్న కంప్యూటరు తనవైపు లాక్కుంది. పక్క గోడ మీది పెద్ద తెర వెలిగింది. హాల్లో అందరూ అటు తిరిగారు.

ఆవిడ అడ్రసు కొట్టింది. పేజీ వచ్చింది, దాని మీదికి పూలదండలో చుట్టిన అక్షరాలతో, మేయరు గారి పండుగ శుభాకాంక్షలు వచ్చాయి. తెర మీద బాణం గుర్తు కదిలింది. ఎటూ ఆలోచించకుండా, రోజూ వెళ్ళే దారిలో వెళ్ళినట్టు పై మూలకు వెళ్ళి, ఇంటూ గుర్తు మీద నొక్కింది. పూలదండ మాయమైంది. పేజీ శుభ్రంగా ఉంది.

"సరే, ప్రకటనలు ఎక్కడ..." అంది న్యాయమూర్తి. ఆ మాట అక్కడే ఆగింది.

అసేన్ పెన్ను బల్ల మీద పెట్టాడు. మునిసిపాలిటీ లాయరు టై సర్దుకున్నాడు.

"అంతే తల్లీ" అంది పిన్ని, ఇంకా నిలబడే ఉంది కాబట్టి. గొంతులో ఎత్తిపొడుపు లేదు. "నేనూ అచ్చం ఇలాగే."

న్యాయమూర్తి చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది. కాసేపయ్యాక గుమాస్తా వైపు తిరిగి, ఇప్పుడు జరిగినది జరిగినట్టు రాసుకోమంది. తర్వాత పేజీని మళ్ళీ మొదట్నుంచి తెరిచింది. పూలదండ మళ్ళీ వచ్చింది. ఈసారి ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ శుభాకాంక్షలను మేయరు సంతకం దాటి, చివరి వరుస దాకా చదివింది. ఆవిడ చదవడం అయ్యేదాకా హాలంతా ఆగింది.